లొంగిపోతే కేసులు పోతాయా? ఉపా కేసుల్లో లాయర్ల పనిపై అపోహకు ఖండన

మావోయిస్టుల లొంగుబాటు వార్త వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తిరుగుతుంది: 'లొంగిపోతే కేసులన్నీ మాఫీ, పైగా డబ్బు. ఇక లాయరెందుకు? ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులు వాదించేవాళ్లు దర్యాప్తుకు అడ్డం, తీవ్రవాదులను తప్పించడమే వాళ్ల పని.' ఇది పూర్తిగా తప్పు. నమ్మినవాళ్లు నష్టపోతారు కూడా.

'తప్పించడమే పని' అన్నదాన్ని ముందు చూద్దాం. ముంబయి దాడుల కేసులో కసబ్‌కు కోర్టే లాయర్‌ను పెట్టింది. సుప్రీంకోర్టులో అమికస్‌గా, అంటే కోర్టు నియమించిన సహాయక లాయర్‌గా, రాజు రామచంద్రన్ వాదించారు. 2012 ఆగస్టు 29న ఉరిశిక్ష ఖరారైంది. అదే కేసులో నిందితులైన ఫహీం అన్సారీ, సబాఉద్దీన్ అహ్మద్‌లపై సాక్ష్యం నిలవలేదు కాబట్టి వాళ్లు నిర్దోషులన్న తీర్పునూ అదే కోర్టు సమర్థించింది. ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో తేలిపోయింది.

'దర్యాప్తుకు అడ్డం' అనేవాళ్లు ప్రభుత్వం తరఫున నిలబడేదీ లాయరేనని మరిచిపోతున్నారు. ఉపా కేసులో 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే గడువును 180 రోజుల దాకా పెంచమని అడగవచ్చు. అందుకు ప్రభుత్వ లాయర్, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) రిపోర్టు కావాలి. దర్యాప్తు ఎంతదాకా వచ్చింది, ఈ మనిషిని ఇంకా ఎందుకు లోపల ఉంచాలి అనేవి అందులో ఉండాలి. పోలీసులిచ్చిన కాగితాన్ని ముందుకు తోసేయడానికి పీపీ పోస్టాఫీసు కాదని టాడా అనే పాత ఉగ్రవాద నిరోధక చట్టం రోజుల్లోనే, 1994లో హితేంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిపోర్టు నిలవకపోతే నిందితుడికి డిఫాల్ట్ బెయిలు (గడువులో చార్జిషీటు పడనందుకు దక్కే బెయిలు) హక్కు వస్తుంది. కేసు నడపడానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన ప్రాసిక్యూషన్ అనుమతికీ గడువులున్నాయి: సాక్ష్యాలు పరిశీలించే అధికారికి 7 పనిదినాలు, ఆ తర్వాత ప్రభుత్వానికి మరో 7. ఇవి తప్పనిసరి అని 2024లో ఫూలేశ్వర్ గోప్ తీర్పు చెప్పింది. ఫైలు సచివాలయంలో మూలిగితే దెబ్బ తినేది ప్రాసిక్యూషనే.

ఇక 'మాఫీ'. అసలు ప్రమాదం ఈ మాటలోనే ఉంది. కేంద్ర పథకంలో పెద్ద హోదాల వారికి 5 లక్షలు, మిగతావారికి 2.5 లక్షలు, శిక్షణ కాలంలో నెలకు 10,000 చొప్పున మూడేళ్లు ఇస్తారు. కేసులు ఎత్తేస్తామని అందులో లేదు. ఘోరమైన నేరాల విచారణ కోర్టుల్లో సాగవచ్చు, చిన్న నేరాలకు ప్లీ బార్గెయినింగ్ (నేరం ఒప్పుకుని తక్కువ శిక్షతో కేసు ముగించుకోవడం) ఒప్పుకోవచ్చు అని ఉంది. అయితే ఏడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరాలకు ప్లీ బార్గెయినింగ్ కుదరదు. నిషేధిత సంస్థలో సభ్యత్వమే నేరమని 2023లో అరూప్ భుయాన్ తీర్పు తేల్చింది. ఉగ్రవాద సంస్థ సభ్యత్వానికైతే ఉపా 38వ సెక్షన్ కింద పదేళ్ల దాకా, 20వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష. అంటే తుపాకీ పట్టకపోయినా ప్లీ బార్గెయినింగ్ దారి మూసుకుపోయినట్టే.

మిగిలింది బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 360వ సెక్షన్. కేసు ఉపసంహరణకు పీపీ తన సొంత విచక్షణతో అర్జీ పెట్టాలి, బాధితుల మాట వినాలి, కోర్టు ఒప్పుకోవాలి. 2000లో గంధపు చెక్కల దొంగ వీరప్పన్ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకెళ్లినప్పుడు, అతని డిమాండ్ మేరకు టాడా నిందితులపై కేసులు ఎత్తేయడానికి ప్రభుత్వం సిద్ధమైనా అబ్దుల్ కరీం కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

ఆచరణలో బెడిసికొట్టేది రాష్ట్రాల సరిహద్దుల దగ్గర. తెలంగాణలో లొంగిపోయిన మనిషి మీద ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో దళంలో వాడిన పేర్లతో కేసులుంటాయి. పరారీలో ఉన్నట్టు చూపి కేసును విడదీసి పక్కన పెట్టినా నాన్‌బెయిలబుల్ వారెంటు బతికే ఉంటుంది. ఇక్కడి పీపీ అక్కడి కేసు ఎత్తేయలేరు. కాబట్టి లాయర్ మొదట వాడుకలో ఉన్న పేర్లన్నీ రాసుకోవాలి. ఒక్క మారుపేరు వదిలేసినా ఒక కేసు కంటికి కనబడదు. తర్వాత ఠాణాల వారీగా ఎఫ్‌ఐఆర్‌లు, కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీలు తీయాలి. లొంగుబాటు పత్రం జతచేసి, ఏ కోర్టు వారెంటుకు ఆ కోర్టులోనే రీకాల్ (వారెంటు వెనక్కి తీసుకోమని కోరే) పిటిషన్ వేయాలి. ఏ కేసులో ఉపసంహరణ అడగాలి, ఏది విచారణకు వెళ్లాలి అనేది ఆ తర్వాతి సంగతి.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవారికి 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెడితే చాలు. లొంగుబాటు రోజునే అధికారులు దగ్గరుండి ఆ అర్జీ పెట్టించాలి.