సైకిల్ ఖరీదు అడగని రోజులు

వచ్చే వేసవి ఆటల పోటీల్లో ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా చేసే ట్రయాథ్లాన్ కూడా పెట్టాలని మన సంఘం కార్యవర్గం ఆలోచిస్తున్న సంగతి నలుగురికీ తెలిసినప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. ఈత ఎంత దూరం, పరుగు ఎంత దూరం అని అడిగేవారు తక్కువ. సైకిల్ ఎంత పెట్టి కొనాలి అని అడిగేవారే ఎక్కువ. ఒక తండ్రి తన పదహారేళ్ల అమ్మాయికి కార్బన్ ఫ్రేము సైకిలే కావాలా, అల్యూమినియం సరిపోతుందా అని అరగంట సేపు మాట్లాడి, చివరికి "అంత ఖర్చయితే వచ్చే ఏడాది చూద్దాంలెండి" అని పెట్టేశారు. ఆ అమ్మాయికి ఈత బాగా వచ్చు, రోజూ పొద్దున్నే పరుగెత్తుతుంది, ఇంట్లో ఆమెకు ఒక సైకిల్ కూడా ఉన్నది. అన్నీ ఉన్న పిల్ల, ఏదో లేదనుకుని ఆగిపోవడం నన్ను బాధపెట్టింది. ఎందుకంటే ఈ ఆట పుట్టింది మనం ఉంటున్న ఈ శాన్ డియేగోలోనే. పుట్టిన రోజున ఎవరూ ఎవరినీ సైకిల్ ఖరీదు అడగలేదు.

1974 సెప్టెంబర్ 25, బుధవారం సాయంత్రం, మిషన్ బే ఒడ్డున 46 మంది గుమిగూడారు. శాన్ డియేగో ట్రాక్ క్లబ్ సభ్యులైన జాక్ జాన్‌స్టోన్, డాన్ షానహన్ కలిసి పరుగు, సైకిల్, ఈత మూడూ ఉన్న ఒక పోటీని తలపెట్టారు. పరుగు విడతలన్నీ కలిపితే సుమారు ఆరు మైళ్లు, సైకిల్ 5 మైళ్లు, ఈత 500 గజాలు. సైకిల్ ఎవరిది వారే తెచ్చుకోవాలి. బహుమతులు తయారుచేసే దుకాణం వారు ఆ ఆట పేరు ఎలా రాయాలో నిఘంటువులో దొరకలేదని ఫోన్ చేసి అడిగారని జాన్‌స్టోన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. చీకటి పడ్డాక ఇంకా నీళ్లలో ఉన్నవారికి ఒడ్డు కనబడడానికి కార్లను దగ్గరికి తెచ్చి హెడ్‌లైట్లు వేశారు. ఆనాటి పోటీలో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి భార్య జూడీతోనూ పిల్లలతోనూ కలిసి పాల్గొన్నారు. కుటుంబమంతా ఒక సాయంత్రం సరదాగా వెళ్లి ఆడిన ఆట అది. మన సంఘం పిక్నిక్కులో తాడులాగుడు పోటీకీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ఆ కాలిన్స్ దంపతులే తర్వాత హవాయి వెళ్లి ఐరన్‌మ్యాన్ అనే సుదీర్ఘ ట్రయాథ్లాన్ పోటీకి నాంది పలికారు. ఈతగాళ్లు గట్టివారా, పరుగు వీరులు గట్టివారా అన్న వాదన 1977లో ఓ బహుమతి ప్రదాన సభలో సాగుతుంటే, సైకిల్ వీరుడు ఎడీ మెర్క్స్ అందరికన్నా గట్టివాడని ఒక పత్రికలో వచ్చిందని కాలిన్స్ గుర్తుచేసి, ఆ ద్వీపంలో అప్పటికే ఉన్న మూడు పోటీలను ఒక్క రోజులో వరసగా పెడితే తేలిపోతుందన్నారు. వైకీకీ సముద్రపు ఈత 2.4 మైళ్లు, ఒవాహు ద్వీపం చుట్టూ సైకిల్ 115 మైళ్లు, హొనొలులు మారథాన్ 26.2 మైళ్లు. సైకిల్ దారిలో మూడు మైళ్లు తగ్గించి, ద్వీపాన్ని అపసవ్యంగా చుట్టివస్తే, ఈత ముగిసిన చోట సైకిల్ ఎక్కి, మారథాన్ మొదలయ్యే అలోహా టవర్ దగ్గర దిగవచ్చని లెక్క కుదిరింది. నేటికీ ప్రపంచమంతటా ఐరన్‌మ్యాన్ సైకిల్ దూరం 112 మైళ్లుగా ఉండడానికి కారణం ఇదే. ఏ శాస్త్రవేత్తా ప్రయోగశాలలో కూర్చుని తేల్చిన దూరం కాదది; ఒక ద్వీపపు రోడ్డు ఎంత ఉన్నదో అంత.

1978 ఫిబ్రవరి 18న ఆ పోటీలో 15 మంది బయల్దేరి 12 మంది ముగించారు. దారి పొడవునా నీళ్లూ తిండీ అందించే బాధ్యత నిర్వాహకులది కాదు. ఎవరి మనుషులను వారే కారులో వెంట తెచ్చుకున్నారు. జాన్ డన్‌బార్ వెంట వచ్చినవారి దగ్గర మారథాన్ మధ్యలో నీళ్లు అయిపోతే, ఆయన ఉన్న బీరే తాగి పరుగు సాగించారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో మొదటివాడుగా వచ్చారు. మరుసటి ఏడాది గెలిచిన టామ్ వారెన్ మన శాన్ డియేగోలో ఒక చిన్న బారు నడుపుకునే మనిషి. అదే ఏడాది లిన్ లెమెయిర్ ఆ పోటీలో దిగిన మొదటి మహిళ. మొత్తం మీద ఐదో స్థానంలో ముగించారు. ఇలాంటివారి చేతుల్లో ఈ ఆట పెరిగింది.

అప్పటి సామగ్రి ఎలాంటిదో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. మా వీధిలో ఉండిన ఒక పెద్దాయన ఎనభైలలో మిషన్ బేలోని ఫియెస్టా ఐలండ్ చుట్టూ పోటీలు తొక్కినవారు. పదేళ్ల కిందట ఇల్లు ఖాళీ చేస్తూ తన ఉక్కు సైకిల్‌ను నాకిచ్చారు. దానికి హ్యాండిల్ మీద గేర్ మీటలు ఉండవు. ఫ్రేము కింది గొట్టానికి రెండు చిన్న మీటలు బిగించి ఉంటాయి. గేర్ మార్చాలంటే ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి, వంగి, ఆ మీటను కొద్దిగా తిప్పాలి. టక్కుమని పడే మెట్లు అందులో లేవు. చైను గరగర మంటుంటే ఇంకొంచెం, మరీ దాటిందనిపిస్తే కాస్త వెనక్కి, ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా వేలి కొసతో సవరించుకోవాలి. మొదటి నెల రోజులు నాకు మిట్ట ఎక్కేటప్పుడు ప్రతిసారీ చైను జారింది. ఆ తర్వాత చూడకుండానే, వినికిడితోనే గేర్ పడడం మొదలయింది. వీణ బిరడా తిప్పి శ్రుతి చేసేవారికి ఈ సంగతి నేను వివరించనక్కర్లేదు.

దాని టైర్లు లోపల ట్యూబుతో కలిపి కుట్టేసినవి. రిమ్ముకు జిగురుతో అంటించాలి. ముందు కొత్త టైరును ఒట్టి రిమ్ము మీద ఎక్కించి ఒక రాత్రి సాగనివ్వాలి. రిమ్ముకూ, టైరు అడుగు పట్టీకీ పలచగా జిగురు పూసి ఆరనివ్వాలి, మళ్లీ పూయాలి. ఆ పైన చక్రాన్ని నిలబెట్టి, వాల్వు రంధ్రం పైకి ఉంచి, రెండు చేతులతో రెండు వైపులా టైరును కిందికి ఒత్తుకుంటూ వచ్చి, చివరి జానెడు భాగాన్ని బొటనవేళ్లతో ఎత్తి ఎక్కించాలి. దారిలో పంక్చర్ అయితే అతికించడం ఉండదు. సీటు కింద తోలు పట్టీతో కట్టుకున్న మరో టైరును ఆ పాత జిగురు మీదనే ఎక్కించి, మలుపుల దగ్గర మెల్లగా పోవాలి. ఆ పెద్దాయన మా గ్యారేజీలో ఈ పని నేర్పుతున్న రోజు ఆ జిగురు వాసన తగలగానే నాకు తెనాలిలో మా వీధి చివరి సైకిల్ షాపు గుర్తుకొచ్చింది. అక్కడ గంటకింత అని సైకిల్ అద్దెకు తీసుకునేవాళ్లం. షాపతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, నోటితో ఊది ఆరబెట్టి ప్యాచీ వేసేవాడు. చక్రం బెండు తీసేటప్పుడు రిమ్మును వేలితో తిప్పి ఒంటి కన్నుతో చూసే ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నది. సముద్రాల అవతల ఇద్దరు మనుషులు, ఒకే పనితనం.

నేను పాత రోజులను ఇష్టపడడానికి అసలు కారణం ఇదే. అప్పటి సామగ్రిలో ప్రతి వస్తువూ ఎందుకు అలా ఉన్నదో చూడగానే తెలిసేది. చెడిపోతే వాడినవారే బాగుచేసుకోగలిగేవారు. మార్చాలనిపిస్తే మార్చేవారు కూడా. మంచు మీద జారే ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చే బూన్ లెనన్, ఏటవాలు దిగేటప్పుడు వారు చేతులు ముందుకు చాపి ఒళ్లు ముడుచుకోవడం చూసి, ఆ భంగిమనే సైకిల్ మీదికి తెచ్చే కడ్డీలను తయారుచేశారు. 1987 నుంచి అవి స్కాట్ కంపెనీ పేరుతో మార్కెట్లోకి వచ్చాయి. సైకిల్ పందేల పెద్దలు పట్టించుకోకముందే ట్రయాథ్లాన్ వాళ్లు వాటిని బిగించుకున్నారు. 1989లో టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ పందెం చివరి రోజున గ్రెగ్ లెమాండ్ ఆ కడ్డీలతోనే 24.5 కిలోమీటర్లు తొక్కి, 50 సెకన్ల వెనుకబాటును దాటి, మొత్తం పందెంలో 8 సెకన్ల తేడాతో లోరాన్ ఫిన్యోను ఓడించిన తర్వాత గాని ప్రపంచం వాటి విలువ గుర్తించలేదు. అలాగే అలల మీద తేలే ఆటగాళ్ల రబ్బరు దుస్తులు ఈతకు బిగుతుగా, బరువుగా ఉన్నాయని గమనించి, 1987లో డాన్ ఎంప్‌ఫీల్డ్ ఈత కోసమే ప్రత్యేకంగా ఒక దుస్తు కుట్టించారు. కావలసినది బజారులో లేకపోతే తామే చేసుకున్న మనుషులు వీరు. ఇప్పుడు ఆ వరస తిరగబడింది: బజారులో ఉన్నది చూసి, అది మనకు కావాలేమో అనుకుంటున్నాం.

నేటి సైకిళ్లు మంచివి కావని నేను అనడం లేదు. అవి వేగంగా పోతాయి, బ్రేకులు వానలో కూడా పట్టుకుంటాయి. అయితే వాటి తీగలన్నీ ఫ్రేము లోపల దాగి ఉంటాయి కనుక, హ్యాండిల్ ఒక అంగుళం పైకి లేపాలన్నా షాపుకు తీసుకుపోవలసి వస్తుంది. నిరుడు ఒక పోటీలో నా ముందు పోతున్న కుర్రవాడి ఎలక్ట్రానిక్ గేర్ల బ్యాటరీ అయిపోయి, మిగిలిన 20 మైళ్లూ ఒకే గేర్‌లో తొక్కుకుంటూ వచ్చాడు. ఎంతో కష్టపడి సాధన చేసిన పిల్లవాడు. అతని కాళ్లలో శక్తికి లోటు లేదు.

పరుగు విషయంలో ఇంకో ఉదాహరణ చెప్పాలి. 1989 అక్టోబర్‌లో హవాయిలోని కోనాలో జరిగిన ఐరన్‌మ్యాన్ పోటీలో మార్క్ అలెన్, డేవ్ స్కాట్ ఎనిమిది గంటల సేపు పక్కపక్కనే సాగారు. చివరి మైళ్లలో అలెన్ ముందుకు దూసుకుపోయి 58 సెకన్ల తేడాతో గెలిచారు. ఆ రోజు ఆయన మారథాన్ భాగాన్ని 2 గంటల 40 నిమిషాల 4 సెకన్లలో ముగించారు. బూట్ల అడుగు మెత్తలూ, బట్టలూ, తాగే ద్రవాలూ ఏటేటా మారుతూ వచ్చినా, ఆ దారిలో ఆ పరుగును మరొకరు దాటడానికి 2016 దాకా, అంటే 27 ఏళ్లు పట్టింది. ఆ సంఖ్యను మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నదని నా నమ్మకం.

పాతవన్నీ తిరిగి రావాలని మాత్రం నేను కోరను. తలకు నాలుగు తోలు పట్టీలు చుట్టుకుని అదే హెల్మెట్ అనుకున్న రోజులు పోవడమే మంచిది. గట్టి చిప్ప ఉన్న హెల్మెట్లు 1975 నుంచి దొరుకుతున్నా చాలామంది పెట్టుకోలేదు. ఎండలో ఎంత నీరు, ఎంత ఉప్పు కావాలో సరిగా తెలియక మనుషులు కుప్పకూలేవారు. 1982 ఫిబ్రవరి ఐరన్‌మ్యాన్‌లో జూలీ మాస్ గెలుపు గీతకు కొద్ది దూరంలో పడిపోయి, పాకుతూ చేరడాన్ని టీవీలో చూసి ఎందరో ఈ ఆటలోకి వచ్చారన్నది నిజమే. ఆ పట్టుదలకు నేనూ చేతులు జోడిస్తాను. కాని మన పిల్లలు ఎవరూ అలా పాకవలసిన పరిస్థితి రాకూడదు. హెల్మెట్, నీళ్లు, ఈత దగ్గర కాపలా, ఈ మూడింటి విషయంలో నేటి కాలమే మేలు.

అందువల్ల కార్యవర్గానికి నా విన్నపం ఇది. మన పోటీలో పాత పద్ధతి విభాగం ఒకటి పెట్టండి. దూరాలు మిషన్ బే నాటివే తీసుకోండి. పదేళ్లు దాటిన పిల్లల నుంచి తాతయ్యల దాకా ఎవరైనా చేయగల దూరాలవి. ముందుకు చాచే కడ్డీలు, రబ్బరు దుస్తులు, వేగం కోసం చేసిన ప్రత్యేక చక్రాలు ఆ విభాగంలో వద్దు. ఇంట్లో ఏ సైకిల్ ఉంటే అది, బుట్ట ఉన్నదైనా సరే. సమయాన్ని చేతి గడియారంతో, కాగితం మీద రాసుకుందాం. ఊళ్లో ఎండు సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని బావిలో ఈత నేర్చినవారు మన సంఘంలో కనీసం పదిమంది ఉన్నారు. ఈ దేశానికి వచ్చాక నీళ్లలోకి దిగనే లేదని వారే నాతో అన్నారు. వారికి ఇన్నాళ్లకు ఒక కారణం దొరుకుతుంది.

ఈ ఊరి గ్యారేజీల్లో, పాత సామాన్ల అమ్మకాల్లో ఇంకా ఆ రోజుల సైకిళ్లు ఉన్నాయి. డేవ్ స్కాట్ పేరు వేసి జపాన్‌లో తయారుచేసిన సెంచూరియన్ ఐరన్‌మ్యాన్ సైకిల్ ఒకటి పోయిన నెలలోనే నా కంటబడింది. దుమ్ము తుడిస్తే రంగు కొత్తదానిలా ఉన్నది. అలాంటివి ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, అమ్మేయకండి, ఆ రోజు మైదానానికి తీసుకురండి. గేర్ మీట తిప్పడం పిల్లలకు నేను నేర్పుతాను.

ఆ తండ్రిగారికి నిన్న నేనే ఫోన్ చేశాను. అమ్మాయి ఇంట్లో ఉన్న సైకిల్‌తోనే వస్తుందట. కాని పెద్దాయన ఇచ్చిన ఉక్కు సైకిల్‌ను ఒకసారి తొక్కి చూడాలని కూడా అడిగింది. దాని వెనుక టైరు పాతబడింది, కొత్తది అంటించాలి. జిగురు పట్టడానికి రెండు రాత్రులు పడుతుంది కాబట్టి శనివారం తొక్కాలంటే గురువారమే రమ్మన్నాను, పని తనే చేయవచ్చునని.