మన్యం మహిళామణులు

మార్చి 8కి మా కాలనీ సంఘం ‘మన్యం మహిళామణులు’ అని ఫ్లెక్సీ కట్టాలని తీర్మానించింది. చరిత్ర రాసిచ్చే పని నా నెత్తిన పడింది. ఇంట్లో పుస్తకాల బీరువా ఉండడమే నేను చేసిన నేరం.

కొండవాళ్లను ఉద్ధరించడం విశాఖవాసులకు కొత్త కాదు. సెలవు దొరికితే చాలు, రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టుకుంటూ అరకు వెళ్లి ఉద్ధరించి వస్తాం. అక్కడ అద్దెకిచ్చే గిరిజన చీరను చుడీదారు మీదే చుట్టించుకుని, భుజం దగ్గర ముడి వేయించుకుని, ఖాళీ ఇత్తడి బిందె నడుముకు ఆనించి మా ఆడవాళ్లు ఫొటో దిగుతారు. నల్లకళ్లద్దాలు మాత్రం తీయరు. ముడి వేసినామె ఫొటోలో పడకుండా తనే పక్కకు జరుగుతుంది. చరిత్ర రాసే పద్ధతి కూడా అదే కాబట్టి నేనూ దాన్నే పాటించాను.

ముందు మన్యం తిరుగుబాటు తీశాను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి. అల్లూరి, గంటందొర, మల్లుదొర, పేర్లన్నీ దొరికాయి. ఆ దండుకు గంజి కాచిన వాళ్ల పేర్లు నా బీరువాలో లేవు. బహుశా గంజి దానంతటదే కాగి ఉంటుంది. గదబ స్త్రీలు అడవి నారతో గుడ్డ నేసేవారట. నేసినామె పేరేమిటని వెతికితే పుస్తకం తెగ పేరు చెబుతుంది.

అసలు చిక్కు పార్లమెంటుతో వచ్చింది. వెనుకబడిన అరకు 2014లో కొత్తపల్లి గీతను, 2019లో గొడ్డేటి మాధవిని, 2024లో డాక్టరు గుమ్మా తనూజా రాణిని లోక్‌సభకు పంపింది. ముందుకు దూసుకుపోయిన విశాఖ ఆ మూడుసార్లూ మగవాళ్లనే పంపింది. ఇది అచ్చయితే ఎవరు ఎవరిని ఉద్ధరించాలన్న సందేహం పుడుతుంది. “రాజకీయాలెందుకు మాస్టారూ” అంటూ మా అధ్యక్షులు ఆ పేరా కొట్టేశారు.

మన్యంలోని వాకపల్లి ఊరి సంగతి నేనే కొట్టేసుకున్నాను. 2007లో అక్కడి 11 మంది కోందు తెగ స్త్రీలు పోలీసుల మీద అత్యాచార ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖలోని ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగా సాగలేదంటూ నిందితులను విడిచిపెట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. అలాంటి వారి పేర్లు అచ్చు వేయకూడదని చట్టం. మంచి చట్టమే. మనం దాన్ని మిగతా కొండ స్త్రీలందరికీ వర్తింపజేశాం, అంతే.

చివరికి ఫ్లెక్సీ సిద్ధమైంది. పైన అధ్యక్షుల సతీమణి అరకు ఫొటో, బిందెతో, కళ్లద్దాలతో. దాని కింద ఇంటిపేరుతో సహా ఆవిడ పూర్తి పేరు. అడుగున చేతులు పెనవేసుకుని నిలబడ్డ, థింసా అనే గిరిజన నృత్యం చేసే ఆడవాళ్ల వరస.

“వీళ్ల పేర్లేమిటండీ?” అన్నాడు ఫ్లెక్సీ దుకాణం కుర్రాడు.

అధ్యక్షులు నా వైపు చూశారు. నేను బీరువా తాళం వైపు చూసుకున్నాను.

“థింసా అని వేసెయ్యి” అన్నారాయన.