వీక్ ఈక్వివలెన్స్ గారికి, సఖినేటిపల్లి రేవు నుంచి

ఆయ్, నమస్కారమండీ.

టోపాలజీలో తమరు ఒక ఆకారం నుంచి మరో ఆకారానికి వెళ్ళే కంటిన్యువస్ మ్యాపు; రెండిటి హోమోటోపీ గ్రూపులూ (ఆకారంలోని రంధ్రాల జాడ చెప్పే గ్రూపులు) సరిపోయేలా చేస్తారు. నిన్న మధ్యాహ్నం మొదలెట్టిన ప్రూఫు దీపాలవేళకి తమరి దయవల్ల చెత్తబుట్టలో పడింది. పేరులో 'ఈక్వివలెన్స్' చూసి, మూడో లైన్లో 'దీనికి విలోమం (వెనక్కి తెచ్చే మ్యాపు) జి తీసుకుందాం' అని రాయడమే మా పాపం. జి లేదండి.

వశిష్ఠ గోదావరి మీద పంటు తమకంటే నయం. ఇక్కడ ఎక్కించుకుని నరసాపురంలో దింపితే, మళ్ళీ వెనక్కి తెస్తుంది.

తమరి నిర్వాకం నాలుగంటే నాలుగే చుక్కల మీద చూపిస్తాను: క, చ, ట, త. క ఒక్కటే ఓపెన్ సెట్ (ఎవరి చుట్టుపక్కల ఎవరున్నారో చెప్పే గుంపు), చ కూడా అంతే. ట ఉన్న ఓపెన్ సెట్టులో క, చ రెండూ ఉండి తీరాలి. త కీ అదే షరతు. ఇప్పుడు వృత్తంలో పై చాపాన్ని క మీదకీ, కింది చాపాన్ని చ మీదకీ, మిగిలిన రెండు కొసల్నీ ట, త ల మీదకీ పంపండి. హోమోటోపీ గ్రూపులన్నిటి మీదా ఐసోమార్ఫిజమే, అంటే తేడా లేకుండా జత కుదిరినట్టే. శభాష్, తమరే! ఏ ఫైనైట్ సింప్లీషియల్ కాంప్లెక్సుకైనా (బిందువులు, గీతలు, త్రిభుజాల్లాంటివి కొన్ని అతికించి కట్టిన ఆకారం) ఇలా కొద్ది చుక్కలతోనే జోడీ ఉందని 1966లోనే గణితజ్ఞుడు మెకార్డ్ చూపించాడు కూడా.

మరి వెనక్కి రండి చూద్దాం. వృత్తం హౌస్‌డార్ఫ్. ట, క వేరువేరు చోట్ల పడితే వాటిని విడదీసే ఓపెన్ సెట్లు దొరుకుతాయి, కానీ ట ఉన్నచోటల్లా క ఉండాలిగా! కంటిన్యుటీ కావాలంటే ఇద్దరూ ఒకేచోట కూర్చోవాలి. ట తో చ, త తో క కూడా అంతే. నలుగురూ ఒకే బిందువు మీద కూలబడ్డారు. వృత్తం ఏదండీ?

మ్యాపు లేకుండా గ్రూపులు కలిస్తే చాలనేవాళ్ళు ఎస్2 × ఆర్‌పీ3నీ, ఎస్3 × ఆర్‌పీ2నీ చూడాలి (ఎస్ అంటే గోళం, ఆర్‌పీ అంటే ఎదురెదురు బిందువుల్ని కలిపేసిన గోళం, అంకె డైమెన్షను): హోమోటోపీ గ్రూపులన్నీ ఒకటే, అయిదో హోమాలజీ (రంధ్రాల్ని కొలిచే మరో లెక్క) ఒకదానికి పూర్ణాంకాలు, రెండోదానికి సున్నా. జాతకాలు కలిశాయి, పెళ్ళి మాత్రం కుదరదు.

విలోమం లేకపోవడానికి తమ భక్తుల మందు ఏమిటంటే, 'హోమోటోపీ కేటగిరీ' అనే కొత్త లెక్కలో అది ఉన్నట్టే రాసేసుకోవడం. పంటు రాకపోయినా టికెట్టు మీద 'వచ్చింది' అని ముద్ర కొట్టడం! ఇదేం సమానతయ్యా? అటు పోవడమే తప్ప ఇటు రావడం తెలియనివాడివి, ఆ పేరెందుకు పెట్టుకున్నావు? ముందున్న 'వీక్' మాత్రం నిజం చెప్పింది.

గణితజ్ఞుడు వైట్‌హెడ్ 1949లోనే చెప్పాడులే: రెండు ఒడ్డుల్లోనూ సీడబ్ల్యూ కాంప్లెక్సులే (డిస్కుల్ని వరసగా అతికించి కట్టిన ఆకారాలు) ఉంటే నువ్వు అసలైన హోమోటోపీ ఈక్వివలెన్సువే, అంటే మెల్లగా జరిపి సరిచేస్తే వెనక్కి తెచ్చే మ్యాపు ఉన్నవాడివే. నాలుగు చుక్కల్ని తీసి వాటి బదులు వృత్తాన్నే పెట్టుకుంటే గొడవే లేదు; దీన్నే సీడబ్ల్యూ అప్రాక్సిమేషన్ అంటారు. పొద్దున మళ్ళీ రాశాను, 'ముందు సీడబ్ల్యూ అప్రాక్సిమేషన్ తీసుకుని' అంటూ. నాలుగో లైన్లో జి దిగింది.

ఆ ఒక్క లైనూ నిన్ననే చెప్పొచ్చుగా, పెద్దమనిషీ!