పిల్లల తలకు 9 వోల్టుల బ్యాటరీ పెట్టకండి

ఒకే మెసేజ్ చుట్టాల గ్రూపులో, కాలేజీ స్నేహితుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో తిరుగుతోంది. "మెదడుకు కరెంటు, జ్ఞాపకశక్తి రెట్టింపు" అని దాని హెడ్డింగు. మనం మెదడులో పది శాతమే వాడతామట. తలకు చిన్న కరెంటు పెడితే మిగతాదంతా మేలుకుంటుందట. మెదడు తరంగాలను, అంటే మెదడు కణాల్లో లయగా ఊగే విద్యుత్తును, ఇలా పెంచవచ్చని అమెరికా శాస్త్రవేత్తలు నిరూపించారట, డాక్టర్లూ వాడుతున్నారట, కరెంటు తక్కువ కాబట్టి ఏ హానీ లేదట. 9 వోల్టుల బ్యాటరీ, రెండు స్పాంజి ముక్కలు, ఉప్పునీళ్లు ఉంటే చాలు, ఇంటర్ పిల్లలకు పరీక్షల ముందు రోజూ 20 నిమిషాలు పెట్టమని సలహా. చదువుకున్నవాళ్లే, నేను బాగా గౌరవించేవాళ్లే దీన్ని పంపిస్తున్నారు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పది శాతం మాట శుద్ధ అబద్ధం. మెదడులో గోరంత చోట రక్తం ఆగితే మాట పడిపోతుంది, చెయ్యి పడిపోతుంది. వాడకుండా పడి ఉన్న భాగం అంత ఉంటే అలా ఎందుకు జరుగుతుంది? దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అమెరికా పరిశోధన మాత్రం నిజంగానే ఉంది. బోస్టన్ యూనివర్సిటీలో రాబర్ట్ రైన్‌హార్ట్ బృందం 2022లో ప్రచురించింది. పాల్గొన్నది 150 మంది, అందరూ 65 నుంచి 88 ఏళ్లవాళ్లు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు కరెంటు ఇస్తూ మాటల జాబితాలు వినిపించి, గుర్తున్నవి చెప్పమన్నారు. తల వెనక పక్కన ఉండే పెరైటల్ భాగానికి సెకనుకు 4 సార్లు ఊగే కరెంటు ఇస్తే అప్పుడే విన్న మాటలు బాగా గుర్తున్నాయి. ముందు భాగానికి సెకనుకు 60 సార్లు ఊగేది ఇస్తే జాబితా మొదట్లోని మాటలు బాగా గుర్తున్నాయి. ఆ మెరుగు నెల తర్వాత కూడా కనబడింది. చోటు, వేగం తారుమారు చేస్తే ఫలితమే లేదు. జ్ఞాపకశక్తి రెట్టింపైందని వాళ్లెక్కడా అనలేదు, పదిహేడేళ్ల పిల్లల మీద చేయనూ లేదు.

ఇంకో మాట. ఆ ప్రయోగంలో వాడింది ఊగే కరెంటు, ఏసీ. బ్యాటరీ ఇచ్చేది ఒకే వైపు నిలకడగా పారే డీసీ. అందులో 4 లేదు, 60 లేదు, అసలు లయే లేదు. మెదడు తరంగాల పరిశోధనను సాక్ష్యంగా చూపించి, ఏ తరంగమూ లేని బ్యాటరీని చేతికిస్తున్నారు. రాసినవాళ్లు ఆ పరిశోధన మొదటి పేజీ అయినా చదివారా?

ఇదంతా బూటకం, కరెంటు చర్మం దాటి లోపలికి పోనే పోదు అనేవాళ్ల మాటా నేను ఒప్పుకోను. చర్మం, పుర్రె చాలా కరెంటును మింగేస్తాయి. న్యూయార్క్‌లో గ్యోర్గీ బుజాకీ బృందం మృతదేహాల మీద కొలిచి, దాదాపు ముప్పాతిక భాగం పైనే పోతుందని 2018లో చూపించింది. అయినా మిగిలినది ఊరకే ఉండదు. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కోతుల మీద చూశారు. కరెంటు తగిలిన స్పర్శ తెలియకుండా చర్మానికి మత్తు పూసినా సరే, లోపలి న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పైనుంచి వచ్చే లయను అందుకున్నాయి. ఆ బృందమే తర్వాత ఇంకోటి కనిపెట్టింది: న్యూరాన్లు అప్పటికే తమ లయలో గట్టిగా ఉన్నచోట, పైనుంచి ఇచ్చిన కరెంటు ఆ లయను పాడుచేయగలదు. ఒకచోట కలిపింది ఇంకోచోట విడగొడుతుంది.

పరీక్షల పిల్లల తల్లిదండ్రులు ఇంకో పరిశోధన కూడా తెలుసుకోవాలి. ఆక్స్‌ఫర్డ్‌లో 2013లో పెద్దవాళ్లకు కొత్త అంకెల గుర్తులు నేర్పిస్తూ డీసీ కరెంటు ఇచ్చారు. ఒక భాగానికి ఇస్తే త్వరగా నేర్చుకున్నారు, కానీ నేర్చుకున్నది ఆలోచించకుండా చప్పున వాడే నేర్పు తగ్గింది. మరో భాగానికి ఇస్తే సరిగ్గా తిరగబడింది. ఎంట్రన్సు పరీక్ష రాసే పిల్లకు ఆ చప్పున వచ్చే నేర్పే కదా కావాలి!

డాక్టర్లు వాడుతున్నారన్నది నిజమే. బెంగళూరులోని మానసిక, నరాల వ్యాధుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లకు ఎవరూ లేకుండానే చెవిలో వినిపించే గొంతులు తగ్గించడానికి ఇస్తున్నారు. అది జబ్బుకు, డాక్టరు ఎదురుగా.

ఇక "ఏ హానీ లేదు" అన్న మాట. ల్యాబుల్లో పద్ధతి ప్రకారం ఇచ్చిన 33,200కు పైగా సెషన్ల లెక్క చూసి, తీవ్రమైన హాని ఒక్కటీ కనబడలేదని 2016లో పరిశోధకులు రాశారు. అది పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్క ల్యాబు పరికరానిది. మీ బ్యాటరీది కాదు.

ల్యాబు పరికరం కరెంటును 1 లేదా 2 మిల్లీ ఆంపియర్ల దగ్గర కట్టిపడేస్తుంది. సుమారు అర నిమిషం పాటు మెల్లగా పెంచి, అంతే మెల్లగా దించుతుంది. బ్యాటరీకి ఆ తెలివి లేదు. ఓమ్ నియమం మీ అబ్బాయి పుస్తకంలోనే ఉంది, వాణ్నే లెక్క వేయమనండి. రెండు స్పాంజిల మధ్య 4,500 ఓమ్‌ల నిరోధం ఉంటే 2 మిల్లీ ఆంపియర్లు పారతాయి. చెమట పట్టి, ఉప్పునీరు చర్మంలోకి ఇంకి నిరోధం 1,500కు పడిపోతే 6 పారతాయి. ఎవరూ ఏమీ తిప్పకుండానే కరెంటు మూడింతలు.

స్పాంజి సంగతి చూడండి. ల్యాబులో సాధారణంగా వాడేది 5 సెంటీమీటర్లకు 7 సెంటీమీటర్లు. గిన్నెలు తోమే స్పాంజి నుంచి రూపాయి బిళ్లంత ముక్క కత్తిరిస్తే కరెంటంతా ఆ కాస్త చోటే గుచ్చుకుంటుంది. ఉప్పునీటిలో డీసీ పంపితే రుణధ్రువం దగ్గర కాస్టిక్ సోడా తయారవుతుందని కెమిస్ట్రీలో చదివే ఉంటారు. ఇక్కడ అది తయారయ్యేది పిల్లాడి నుదుటి మీద. స్పాంజి ఎండి వైరు చర్మానికి తగిలితే కాలుతుంది కూడా.

పిల్లల పుర్రె పలచన, తల చిన్నది. అదే 2 మిల్లీ ఆంపియర్లు పెద్దవాళ్లకంటే వాళ్ల మెదడులో ఎక్కువ బలంగా పనిచేస్తాయని కంప్యూటర్ నమూనాలు చెబుతున్నాయి. ఇంట్లో సొంతంగా పెట్టుకుంటే ఉండే ముప్పుల గురించి హెచ్చరిస్తూ ఈ రంగం పరిశోధకులే 2016లో బహిరంగ లేఖ రాశారు. పరిశోధన చేసేవాళ్లే హెచ్చరిస్తుంటే ఏ ధైర్యంతో కన్నబిడ్డ తలకు పెడతారు?

ఇప్పటికే పెట్టినవాళ్లుంటే ఈరోజే ఆపేయండి. నుదుటి మీద ఎర్రమచ్చ, పుండు ఉంటే చర్మం డాక్టరుకు చూపించండి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చిన పిల్లలైతే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లు పెట్టారో, ఎక్కడ పెట్టారో దాచకుండా చెప్పండి. ఆ మెసేజ్ మీకు పంపినవాళ్లకు కూడా ఫోన్ చేసి, వాళ్ల పిల్లలకు పెట్టారేమో అడగండి.