తిరుపతి క్షవరానికి జీఐ ట్యాగ్ ఇప్పించండి

శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఉంది. తిరుపతి లడ్డుకు 2009లో వచ్చింది. మా ప్రాంతం లోకానికి ఇచ్చిన మూడో గొప్ప సరుకు తిరుపతి క్షవరం. దానికి మాత్రం ఇంతవరకూ ఏ గుర్తింపూ లేదు. మా ఊరి పేరుతో పుట్టిన విద్యను ఎక్కడెక్కడి కంపెనీలు వాడుకుని కోట్లు గడిస్తుంటే చూస్తూ ఊరుకోలేక, తిరుపతి పౌరుడిగా ఈ అర్జీ పెట్టుకుంటున్నాను.

తెలియని కుర్రకారు కోసం చెప్పాలి. పూర్వం కొండ మీద తలలెక్కువ, కత్తులు తక్కువ. వచ్చిన బేరం పక్కకు జారిపోకుండా ఒక్కొక్కరి నెత్తిన నీళ్లు చల్లి, నడినెత్తి మీద ఒక గీత గీకి, "కూర్చో సామీ, ఇప్పుడే వస్తా" అని ఇంకో తల దగ్గరికి వెళ్లేవారట. గీత పడ్డ తలతో మనిషి ఎక్కడికి పోతాడు? కూర్చుంటాడు. ఇప్పుడు కల్యాణకట్టలో ఆ ముచ్చటే లేదు. టోకెన్ తీసుకుంటే మొదలుపెట్టిన క్షురకుడే ముగిస్తాడు. పైగా ఉచితం. అలా సొంతూళ్లో అంతరించిన విద్య సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో బతికి బట్టకడుతోంది.

సాక్ష్యం కావాలా? 2013 మార్చిలో స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల అంగడి 'ఎర్లీ యాక్సెస్' అని ఒకటి తెరిచింది. ఆట ఇంకా తయారవలేదు, డబ్బులు ఇప్పుడే ఇవ్వండి, మీరు ఆడుతూ ఉండండి, మేం చేస్తూ ఉంటాం. ఇది నడినెత్తిన గీత కాక మరేమిటి? స్టార్ సిటిజన్ అనే ఆటకు 2012లో చందాలు మొదలయ్యాయి. వసూళ్లు 70 కోట్ల డాలర్లు దాటాయి. ఆట మాత్రం ఇంకా పూర్తిస్థాయిలో విడుదల కాలేదు. ఆనాడు చందా కట్టిన కుర్రాళ్లకు ఈపాటికి బట్టతల వచ్చేసి ఉంటుంది. ఇక క్షవరంతో పనే లేదు.

సైబర్‌పంక్ 2077 అనే ఆట వాళ్లు అయిపోయిందని చెప్పి మరీ 2020 డిసెంబర్ 10న లేపి నిలబెట్టారు. సోనీ కంపెనీ ఆటల పెట్టె పాత ప్లేస్టేషన్ మీద అది ఎంత బాగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన అంగడిలోంచి తీసేసి డబ్బులు వాపసు ఇస్తానంది. తర్వాత బాగుచేశారు లెండి, కాదనను. నో మ్యాన్స్ స్కై వాళ్లు ఇంకా నయం. 2016లో చెప్పినవాటిలో చాలా వాటిని ఎగ్గొట్టి వదిలారు, తిట్లు తిన్నారు, ఆపైన ఏళ్ల తరబడి పైసా అడగకుండా ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చారు. గుండు పూర్తిచేసి, గంధం కూడా పూసి పంపిన పుణ్యాత్ములు.

1985 నాటి మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. మేం దాన్ని గాంధీ రోడ్డులో కొన్న నకిలీ క్యాసెట్‌లో ఆడాం. క్యాసెట్ ఒకసారి పెట్టెలోంచి బయటపడితే దిద్దుబాటుకు దారి లేదు. అందుకే చేసినవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశారు. ఇంటింటికీ ఇంటర్‌నెట్ వచ్చాక ఆ భయం పోయింది. తప్పులుంటే తర్వాత నెట్‌లో ప్యాచ్ అనే అతుకు వేద్దాంలే, ముందు అమ్మేద్దాం.

మావాడు ఇంటర్ పరీక్షలు అయ్యాయని మే నెలలో ఒక సోమవారం రాత్రి ఒక ఆట కొన్నాడు. పేరు చెప్పను, పరువు నష్టం దావాలకు నా దగ్గర డబ్బుల్లేవు.

"ఎంతసేపురా?"

"97 జీబీ నాయనా."

"నేనడిగింది సేపు."

"అదే చెప్తా ఉండా."

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఆయాసం, అక్కణ్నుంచి చాలావరకు చదును, ఇక వచ్చేశామనుకునేసరికి మోకాళ్ల పర్వతం. డౌన్‌లోడ్ గీత నడక కూడా అచ్చం ఇంతే, జింకలు కనపడవు, అంతే తేడా. కానీ మెట్లెక్కినవాడు వెనక్కి జారిపోడు. మావాడి గీత 61 శాతం దాకా ఎక్కింది, కరెంటు పోయి వచ్చాక చూస్తే 40 దగ్గర నిలబడుంది.

ఆ కరెంటు కోతే ఇంకో కథకు మూలం. హాల్లో ఫోన్‌తో నడిచే ఫ్యాను పెట్టించాను. గోడకు రెగ్యులేటర్ లేదు, అది పాతకాలం వస్తువట. కరెంటు వచ్చింది, లైట్లు వెలిగాయి, ఫ్యాను కదల్లేదు. యాప్ తెరిస్తే 'కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది' అంటుంది. నెట్ మొత్తం మావాడి ఆట తాగేస్తోంది. మా అమ్మ ఫ్యాను కింద నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ రెక్కల వంకే చూసింది.

"గాలికి గూడా వెర్షన్ ఉంటాదా నాయనా?"

నేను జవాబు చెప్పలేదు. విసనకర్ర వెతకడానికి లోపలికి పోయాను. దానికి అప్‌డేట్లు ఆగిపోయి చాలా కాలమైంది. అయినా పనిచేసింది.

ఇంతా చేసి ఆట దిగిందే అనుకుందాం, అది మనదవుతుందా? ద క్రూ అనే కార్ల ఆట 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడుకోవాలన్నా కంపెనీ సర్వర్ పలకాల్సిందే. 2024 మార్చి 31న సర్వర్ కట్టేశారు, డబ్బిచ్చి కొన్నవాళ్ల చేతిలో ఆట చచ్చిపోయింది. ఇది తిరుపతి క్షవరం ఖాతాలోకి కూడా రాదు. గుండు కొట్టించుకుని ఇంటికొచ్చిన పదేళ్లకు ఎవరో తలుపు తట్టి, "ఆ గుండు మాది, ఇచ్చెయ్" అన్నట్టుంది. ఈ విద్యతో మా ఊరికి ఏ సంబంధమూ లేదని అర్జీలో విడిగా రాయిస్తున్నాను.

మంగళవారం తెల్లవారుజామున అమ్మ కొండకు బయల్దేరింది. నెలలో మొదటి మంగళవారం స్థానికులకిచ్చే దర్శనం, టోకెన్ దొరికింది, పాత మొక్కొకటి ఉంది. బస్సెక్కింది, గుండు కొట్టించుకుంది, స్నానం చేసింది, క్యూలో నిలబడింది, దర్శనం చేసుకుంది, లడ్డు తీసుకుంది, బస్సు దిగింది. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లోకి వచ్చేసరికి మావాడు అదే కుర్చీలో, అదే బనియన్‌లో ఉన్నాడు.

"నా పని అయిపాయ. నీది యాడికొచ్చింది అబ్బోడా?"

"వంద అయిందవ్వా. ఇప్పుడు ప్యాచ్ దిగతా ఉండాది."

అమ్మ గంధం పూసిన తల ఒకసారి తడుముకుంది. సంచిలోంచి లడ్డు తీసి, సగానికి విరిచి, ఒక ముక్క వాడి చేతిలో పెట్టింది.

"సగమేనా అవ్వా?"

"తింటా ఉండు. మిగతాది మళ్లీ ఇస్తా."