ఎర్రమచ్చ వస్తే చెరువులో వెండి పోయాలా?

ఎకరం చెరువు, అయిదడుగుల నీరు. లెక్క కడితే దాదాపు 60 లక్షల లీటర్లు. చేపల జబ్బులకు నానో వెండి (కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువుల) మందొచ్చిందని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

శీలావతికీ బొచ్చెకూ ఎర్రమచ్చలు, పుండ్లు, పొట్ట ఉబ్బరం తెచ్చే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనది ఏరోమోనాస్ హైడ్రోఫిలా. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము వెండితో అది చస్తుందనే అనుకుందాం. ల్యాబుల్లో తరచూ అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ మోతాదుకే ఎకరానికి 6 కిలోల వెండి కావాలి. కిలో లక్ష దాటిన రోజుల్లో ఏ రైతు పోస్తాడు? పోనీ, ఎకరానికి ఒక డబ్బా చాలన్నారు, అందులో నిజంగానే గ్రాము వెండి ఉందనుకోండి. చెరువులో కలిశాక అది కావలసిన మోతాదుకు 6,000 రెట్లు తక్కువ. అంటే డబ్బా అమ్మినవాడికి తప్ప ఎవరికీ తేడా తెలియదు.

సైన్సులో మోసం లేదు. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటరు. అలాంటివి వంద లోపు ఉండే రేణువు నుంచి వెండి అయాన్లు (విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు) విడుదలవుతూ బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి, లోపలి ప్రొటీన్లకు అతుక్కుని పని ఆపేస్తాయి. ఒకేసారి పలుచోట్ల దెబ్బ కొడుతుంది కాబట్టి, ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్ పనిచేయని చోట కూడా ఇది పనిచేయవచ్చన్నది ఆశ. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని విదేశాలు మన రొయ్యల కంటైనర్లు తిప్పి పంపడం చూసినవాళ్లకు ఆ ఆశ ఎంత విలువైనదో తెలుసు.

కానీ ఆ వెండికి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అన్న తేడా తెలియదు. మేత, రెట్టల నుంచి పుట్టే అమ్మోనియాను విరిచే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా వెండికి తేలిగ్గా లొంగిపోతుంది. అది పోతే అమ్మోనియా పెరుగుతుంది, చేప నీరసిస్తుంది, ఏరోమోనాస్‌కు కావలసింది అదే. పైగా వెండి అయాన్లు చేప మొప్పల్లో లవణాల పంపులను అడ్డుకుంటాయి. ఉప్పునీటిలో క్లోరైడు వెండిని కొంత కట్టేస్తుంది, కాబట్టి విషం తగ్గుతుంది. మన శీలావతి చెరువులవి మంచినీళ్లు, ఆ రక్షణ చాలా తక్కువ. మిగిలిన వెండి బురదలో చేరుతుంది, చెరువు ఎండగట్టినప్పుడు డ్రెయిన్ల వెంట కొల్లేరుకో ఉప్పుటేరుకో పోతుంది.

బ్యాక్టీరియా వెండికి అలవాటుపడదన్న మాట కూడా నిజం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో కాలిన గాయాల వార్డులో వెండిని తట్టుకునే సాల్మొనెల్లా బ్యాక్టీరియా 1970ల్లోనే బయటపడింది. ఆ నిరోధకత మోసే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పోగల చిన్న డీఎన్ఏ ముక్క) మీదే పలు యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులూ ఉన్నాయి. నానో వెండి రేణువులనే గుంపులుగా పేర్చి పనికిరాకుండా చేసే నేర్పు బ్యాక్టీరియాకు వస్తుందని 2018లో చెక్ శాస్త్రవేత్తలు చూపించారు. జింక్ ఆక్సైడుదీ ఇలాంటి కథే. నేలలో పేరుకుంటోందని, నిరోధకత పెంచుతోందని పంది పిల్లలకు మందుగా వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2022లో ఆపేసింది.

నానోను బ్యాక్టీరియాను చంపే మందుగా కాక, టీకాను మోసుకెళ్లే బండిగా చూస్తే మాత్రం నాకు ఆశ కలుగుతుంది. నార్వే సాల్మన్ రైతులు 1987 ప్రాంతంలో ఏటా 50 టన్నుల దాకా యాంటీబయాటిక్స్ వాడేవారు. ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా ఆ వాడకం నామమాత్రానికి దిగింది. ప్రధాన కారణం టీకాలు. అక్కడ ఒక్కో చేపకూ సూది వేస్తారు. కిలోకు వందో నూట ఇరవయ్యో రూపాయలు వచ్చే శీలావతికి అది కుదిరే పని కాదు. మేతలో ఇవ్వాలి. మేతలో ఇస్తే పేగుల్లోని ఎంజైములు టీకాను అరిగించేస్తాయి. (కార్ప్ చేపలకు అసలు జీర్ణాశయమే ఉండదు, ఆమ్లం బెడద లేదు గానీ ఎంజైముల బెడద ఉంది.) రొయ్య పెంకుల నుంచి వచ్చే కైటోసాన్‌తో నానో రేణువు చేసి టీకాను అందులో పెడితే, అది పేగు గోడకు అతుక్కుని టీకాను కొంత కాపాడుతుంది. ముంబయి కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు చేపలకు జబ్బు చేసే మరో బ్యాక్టీరియా ఎడ్వర్డ్‌సియెల్లా మీద డీఎన్‌ఏ టీకాను ఇలా చేసి, నోటి ద్వారా ఇవ్వడంతో సహా శీలావతిపై పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు.

భీమవరం చుట్టూ ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య పెంకులకు కొదవ లేదు. తవుడు, నూనె చెక్క మేతగా కలిపి చిల్లుల సంచుల్లో కట్టే అలవాటూ ఇక్కడిదే, నోటి టీకా ఇవ్వడానికి దారి సిద్ధంగా ఉంది. చిక్కు ఎక్కడంటే, జబ్బు చేసిన చేప మేత తినదు. కాబట్టి జబ్బుకు ముందే ఇవ్వాలి, ఎన్నాళ్లకు మళ్లీ ఇవ్వాలో తేలాలి. తొట్టెల్లో వచ్చిన ఫలితం చాలదు. పేను పట్టి, ఆక్సిజన్ పడిపోయి, మబ్బు పట్టిన రోజుల్లో మేత మానేసే కైకలూరు చెరువులో ఒక పూర్తి పంట కాలం పరీక్ష జరగాలి, ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. నానో వ్యవసాయ ఉత్పత్తుల మదింపుకు కేంద్రం 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈలోగా చెరువు మందు డబ్బా మీద నానో అని రాసేవాళ్లు అందులో ఏ లోహం ఎన్ని గ్రాములుందో, ఎకరానికి కలిపితే లీటరు నీటికి ఎంత పడుతుందో కూడా అక్కడే అచ్చు వేయాలని మత్స్యశాఖ ఆదేశించవచ్చు.