రౌటర్‌కు మతిమరుపే మంచిది

"లైవ్ లినక్స్ అంటే రుచి చూడటానికి కదండీ, దాని మీద ఇంటి ఇంటర్నెట్ అంతా నడుపుతారా?" నెలకు ఒక్కరైనా ఈ ప్రశ్న అడుగుతారు. అడిగేవాళ్లలో సగం మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. 2000లో క్నాపిక్స్ అనే లైవ్ లినక్స్ వచ్చిన నాటి నుంచి లైవ్ అంటే అందరికీ ఒకటే లెక్క: సీడీ పెట్టి బూట్ చేసి చూడటం, నచ్చితే హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవడం. ఇంట్లో మిగతా కంప్యూటర్లకు ఆ లెక్క సరే. రౌటర్‌కు మాత్రం డిస్కు వద్దే వద్దంటాను. వాకిట్లో కాపలా కాసేవాడి చేతికి బీరువా తాళాలు ఎందుకు?

మా ఇంటి రౌటర్ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 3,500 రూపాయలకు కొన్న పాత థిన్ క్లయింట్, అంటే ఆఫీసుల్లో సర్వర్‌కు తగిలించి వాడే బుల్లి కంప్యూటర్. ర్యామ్ 4 జీబీ. లాన్ పోర్టు ఒకటే ఉంటే రెండోదానికి యూఎస్‌బీ అడాప్టర్ తగిలించాను. ఆల్పైన్ అనే చిన్న లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి ర్యామ్‌లో కాపురం పెడుతుంది. వైఫై పని దానికి అప్పగించలేదు, పాత వైఫై డబ్బాను వైఫై మాత్రమే పంచే యాక్సెస్ పాయింటుగా మార్చాను. సర్వీసు వాళ్లిచ్చిన డబ్బాను బ్రిడ్జి మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించేలా, పెట్టించడానికి మూడుసార్లు ఫోను చేయాల్సి వచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పడానికి అయితే ససేమిరా అన్నారు. నెలనెలా డబ్బు కట్టేది నేను, తాళం చెవి మాత్రం వాళ్ల జేబులో!

అటకమీది పాత డెస్క్‌టాప్ పనికొస్తుందా అని అడిగేవాళ్లకు ఒక మాట. 60 వాట్లు తాగే యంత్రం రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. 10 వాట్ల థిన్ క్లయింట్‌కు 7 యూనిట్లు చాలు. ఉచితంగా దొరికిన డెస్క్‌టాప్ కరెంటు బిల్లులో తన ఖరీదు వసూలు చేసుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఈ పద్ధతిలో నేను చేసే ఏ మార్పయినా ర్యామ్‌లోనే ఉంటుంది, స్విచ్ ఆపితే పోతుంది. ఎల్‌బీయూ కమిట్ అని ఆదేశం ఇస్తేనే ఈటీసీ డైరెక్టరీలోని సెట్టింగులన్నీ మూటకట్టి ఒక చిన్న ఫైలుగా పెన్‌డ్రైవ్ మీదికి చేరతాయి. మళ్లీ బూట్ అయినప్పుడు ఆ మూట విప్పుకుంటుంది. ఇవ్వకపోతే ఏమీ జరగనట్టే. అర్ధరాత్రి నిద్రమత్తులో ఫైర్‌వాల్ (ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో తేల్చే కాపలా) రూల్ ఒకటి తప్పు రాసి నన్ను నేనే బయట పెట్టుకుని తలుపు వేసుకున్న సందర్భాలు రెండున్నాయి. రెండుసార్లూ స్విచ్ ఆపి వేశాను, నిమిషంలో సాయంత్రం నాటి స్థితికి వచ్చింది. డిస్కు మీద ఎక్కించిన వ్యవస్థ అయితే మానిటరూ కీబోర్డూ మోసుకుంటూ హాల్లోకి వెళ్లాల్సి వచ్చేది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1990ల చివర్లో లినక్స్ రౌటర్ ప్రాజెక్ట్ అని ఒకటి ఉండేది, 1.44 ఎంబీ ఫ్లాపీలో రౌటర్ మొత్తం ఇమిడిపోయేది. ఫ్లాపీ మూలన ఉండే చిన్న బిళ్లను జరిపితే ఇక దాని మీద ఎవరూ ఏమీ రాయలేరు. ఆ వంశంలోని లీఫ్ ప్రాజెక్టు నుంచే 2005 ప్రాంతంలో ఆల్పైన్ పుట్టింది. ఇప్పుడు కంటెయినర్ల (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే పద్ధతి) పుణ్యమా అని అందరికీ తెలిసిన ఆల్పైన్‌కు పుట్టిల్లు రౌటరే.

ఆ బిళ్ల విలువ 2018లో బాగా తెలిసొచ్చింది. ఆ మేలో బయటపడిన వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లలో, స్టోరేజీ పెట్టెల్లో దూరింది. రీబూట్ చేయండని ఎఫ్‌బీఐ జనానికి చెప్పింది. రీబూట్ చేస్తే పై అంతస్తులు కూలిపోయేవి గాని, పునాది రౌటర్ శాశ్వత మెమరీలో కూర్చునే ఉండేది. మా ఇంట్లో దానికి కూర్చోవడానికి పీట లేదు. పెన్‌డ్రైవ్ రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా, మౌంట్ అయి ఉంటుంది. రూట్ హక్కులు, అంటే యంత్రం మీద సర్వాధికారాలు, సంపాదించినవాడు దాన్ని మళ్లీ రాయదగినట్టు మార్చగలడు కదా అంటారా? మార్చగలడు. అందుకు నా దగ్గర మందుంది, అది మా మేనల్లుడి కథలో వస్తుంది.

అంతకంటే ముందు లైవ్ భక్తుల మీద కూడా కాస్త కోపం తీర్చుకోవాలి. రీబూట్ చేస్తే అంతా శుభ్రం అని చంకలు గుద్దుకోకండి. 2016లో హడలెత్తించిన మిరాయ్ అనే మాల్‌వేర్ కూడా ర్యామ్‌లోనే ఉండేది, రీబూట్‌తో పోయేది. కంపెనీ ఇచ్చిన పాత పాస్‌వర్డే ఉంచినవాళ్లకు నిమిషాల్లో తిరిగొచ్చేది. రెండేళ్ల కిందటి ఇమేజ్‌తో (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే వ్యవస్థ ప్రతితో) బూట్ చేస్తే రెండేళ్ల కిందటి కన్నాలన్నీ భద్రంగా తిరిగొస్తాయి. ఆల్పైన్ ఏడాదికి రెండుసార్లు కొత్త విడుదల తెస్తుంది. అప్పుడల్లా పెన్‌డ్రైవ్ కొత్తగా తయారు చేసుకునే ఓపిక లేనివాళ్లు ఈ దారి పట్టకపోవడమే నయం. లాగ్‌లు, అంటే ఏం జరిగిందో రౌటర్ రాసుకునే చిట్టాలు, కూడా ర్యామ్‌తోనే గంగలో కలుస్తాయి. నేను వాటిని ఇంకో కంప్యూటర్‌కు పంపుతున్నాను.

ఫైర్‌వాల్ విషయంలో నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. "నాట్ ఉందిగా, బయటివాళ్లు ఎలా వస్తారు" అని నిశ్చింతగా ఉండటం. నాట్ అంటే ఇంట్లోని పరికరాలన్నీ ఒకే బయటి చిరునామా వెనక దాగడం. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4 వరకు ఆ ధీమా కొంత చెల్లింది. కొత్త పద్ధతి ఐపీవీ6 వచ్చాక ఇంట్లో టీవీకీ, కెమెరాకీ, ప్రింటర్‌కీ ప్రపంచానికి తెలిసే సొంత చిరునామా వస్తుంది. లినక్స్‌లో ఫైర్‌వాల్ రాసే పాత పనిముట్టు ఐపీటేబుల్స్ రూల్స్ ఐపీవీ4కు మాత్రమే వర్తిస్తాయి, ఐపీవీ6కు వేరే రాసుకోవాలి. అది మరిచిపోతే ముందు గుమ్మానికి మూడు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టే. 2014లో లినక్స్ కెర్నల్ 3.13తో వచ్చిన దాని వారసుడు ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఐనెట్ రకం టేబుల్ (రూల్స్ పట్టిక) ఒకటి రాస్తే రెంటికీ సరిపోతుంది. బయటి నుంచి వచ్చేదంతా పారెయ్, లోపలివాళ్లు మొదలుపెట్టిన సంభాషణకు జవాబైతే రానివ్వు. మా ఇంటి రూల్స్ అన్నీ కలిపి 40 వరుసలు దాటవు.

అన్నట్టు, ఐసీఎంపీ (నెట్‌వర్క్ తన కష్టాలను కబురు పంపే మార్గం) మొత్తం మూసేస్తే భద్రత అనుకునే పెద్దమనుషులారా, దయచేసి ఆపండి. దారిలో ప్యాకెట్ పట్టడం లేదు అన్న కబురు వచ్చేది దాని ద్వారానే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ కనెక్షన్‌లో 1500 బైట్ల ప్యాకెట్‌కు 8 బైట్లు తరుగు పోయి 1492 మిగులుతుంది. ఆ కబురు అందకపోతే కొన్ని సైట్లు చటుక్కున తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. మొదట్లో వారం రోజులు నేను సైటు పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్‌ను తిట్టుకున్నాను. చివరికి టీసీపీ ఎంఎస్ఎస్‌ను (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితిని) దారి పరిమాణానికి తగ్గించే ఒక్క వరుస రాస్తే అంతా కుదుటపడింది.

ఇక మేనల్లుడి కథ. సంక్రాంతికి మా ఇంటికి వచ్చాడు. భోగి సాయంత్రం టీవీలో సినిమా పెట్టడానికి పెన్‌డ్రైవ్ కోసం వెతికి, రౌటర్‌కున్నదాన్ని పీకాడు. ఇంటర్నెట్ ఆగలేదు. వ్యవస్థ అంతా ర్యామ్‌లో ఉంది, కావలసిన డ్రైవర్లన్నీ అప్పటికే ఎక్కి ఉన్నాయి. ఇంటినిండా చుట్టాలు, అందరి ఫోన్లూ హాయిగా నడిచాయి. కనుమ నాటి రాత్రి కరెంటు పోయింది. రెండు గంటలకు ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చింది గాని రౌటర్ లేవలేదు. మానిటర్ తగిలిస్తే బూట్ చేయడానికి ఏమీ లేదన్న ఒక్క వాక్యం.

"ఏవో పిచ్చి ఫైళ్లుంటే తీసేశాను మావయ్యా, సినిమాకు చోటు చాలలేదు" అన్నాడు.

బీరువాలో రెండో పెన్‌డ్రైవ్ ఉంది కాబట్టి సరిపోయింది. అందులోని మూట రెండు నెలల కిందటిది. అక్కకు కొన్న కొత్త ప్రింటర్ చిరునామా తప్ప ఏమీ పోలేదు. అప్పుడు తట్టింది: మూడు రోజులు పెన్‌డ్రైవ్ లేకుండా నడిచినప్పుడు, అది అసలు అక్కడ ఉండటం ఎందుకు? ఎక్కడో కూర్చున్న దొంగ రాయడానికి పలకే లేకపోతే రీడ్ ఓన్లీ గొడవే ఉండదు. ఆ రోజు నుంచి బూట్ కాగానే పీకి, రౌటర్ పక్కన మేకుకు తాళంచెవుల గుత్తితో పాటు తగిలిస్తున్నాను.

కరెంటు పోయి వస్తే మాత్రం ఎవరో ఒకరు లేచి మళ్లీ పెట్టాలి. మా ఆవిడకు నేర్పాను, విసుక్కుంటూనే పెడుతుంది. ఊరికి వెళ్లే రోజుల్లో పెట్టే వెళ్తాం, లేకపోతే వాకిట్లో కెమెరా గుడ్డిదవుతుంది.